136వ అధికరణం దగ్గర మొదలుపెడదాం

సాయుధ పోరాటం నాటి నల్లగొండ జిల్లా కేసుల్లో స్పెషల్ ట్రిబ్యునల్ 1949 ఆగస్టులో ఉరిశిక్షలు వేసింది. డిసెంబరు రెండో వారంలో హైదరాబాద్ హైకోర్టు వాటిని ఖాయం చేసింది. సరిగ్గా నెలన్నరకు రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఖైదీల తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లి 136వ అధికరణం కింద అప్పీలుకు అనుమతి అడిగారు. కింది కోర్టు తీర్పు మీద అప్పీలుకు సుప్రీంకోర్టు తన విచక్షణతో ప్రత్యేక అనుమతి (స్పెషల్ లీవ్) ఇచ్చే దారి అది. హైకోర్టు తీర్పు చెప్పిన నాటికి ఆ కోర్టు భారత భూభాగంలో లేదు కాబట్టి మాకు అధికారం లేదని 1950 డిసెంబరులో ధర్మాసనం తేల్చింది. రిట్ వేస్తే 1951 మార్చిలో దాన్నీ కొట్టేసింది. ఆ ఉరిశిక్షలు చివరికి యావజ్జీవ శిక్షలయ్యాయి గానీ, అది ఈ తీర్పుల పుణ్యం కాదు. ‘జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్’ అన్న పేరుతో ఈ కేసు లా రిపోర్టుల్లో ఇప్పటికీ ఉంది.

ఆనాడు ఉరికంబం కింద నిలబడ్డవాళ్లకు మూసుకున్న ఆ తలుపే ఇవాళ బార్లా తెరిచి ఉంది. అద్దె ఇంటి ఖాళీ కేసు, చెక్ బౌన్స్, ఉద్యోగి బదిలీ, పొలంగట్టు తగాదా, ఏదైనా 136 కింద స్పెషల్ లీవ్ పిటిషన్ వేసుకోవచ్చు. అత్యున్నత న్యాయస్థానాన్ని సంస్కరించాలనగానే పత్రికలన్నీ కొలీజియం (కొత్త జడ్జీలను ఎంచే సీనియర్ జడ్జీల బృందం) మీదికి పోతాయి. జడ్జీలను ఎవరు ఎంచాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. కానీ దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో కేసు తీసుకుపోయే మనిషికి అక్కడ ఏమవుతుందో నిర్ణయించేది ఆ ప్రశ్న కాదు, ఈ తలుపు.

ముందు లెక్క చూద్దాం. 1950లో సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తితో కలిపి 8 మంది జడ్జీలు. పార్లమెంటు విడతలు విడతలుగా పెంచుతూ పోగా 2008లో 31, 2019లో 34 అయ్యారు. 34 మందీ ఉన్నారనుకున్నా, ఇద్దరిద్దరు కూర్చుంటే 17 బెంచీలు. పెండింగు 2024లోనే 80 వేలు దాటింది. కొత్త పిటిషన్లు వినే రోజున ఒక్కో బెంచి ముందు యాభై అరవై ఉంటాయి. కోర్టు సమయం ఉదయం 10:30 నుంచి 1 వరకు, 2 నుంచి 4 వరకు, అంటే 270 నిమిషాలు. అరవైతో భాగిస్తే ఒక్కో పిటిషనుకు నాలుగున్నర నిమిషాలు. జడ్జీలు ముందురోజు రాత్రి ఫైళ్లు చదివే వస్తారు, అది నిజమే. కానీ ముప్పై ఏండ్లు నడిచిన భూమి దావాకు దక్కేది ఆ నాలుగున్నర నిమిషాలే. ఆపైన ఒక్క వాక్యంలో కొట్టివేత. కారణం చెప్పకుండా కొట్టేస్తే హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు సమర్థించినట్టు కాదని 2000లో కున్హయమ్మద్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అంటే ఖర్చంతా పెట్టి పోయినవాడికి అక్కడ దొరికింది తీర్పు కూడా కాదు.

ఆ ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో చూస్తే బాగుచేయాల్సిన చోట్లు వాటంతటవే తెలుస్తాయి.

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా, పై కోర్టులో మొదటి అప్పీలు, హైకోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద సెకండ్ అప్పీలు. అక్కడ ఓడితే సుప్రీంకోర్టుకు 90 రోజుల గడువు. పిటిషన్ వేసే హక్కు అడ్వకేట్ ఆన్ రికార్డ్‌కే ఉంది. నల్లగొండ బార్‌లో నలభై ఏండ్లు వాదించిన వకీలైనా తన పేరుతో అక్కడ ఒక్క కాగితం దాఖలు చేయలేడు. ఆ అడ్వకేట్ ఆన్ రికార్డ్ కావాలంటే పరీక్ష రాయాలి, పాసవ్వాలి, ఢిల్లీలో సుప్రీంకోర్టు నుంచి 16 కిలోమీటర్ల లోపల ఆఫీసు పెట్టాలి. కాగితాలు చేత్తో పట్టుకుపోయే కాలంలో ఆ నిబంధనకు అర్థముండేది. ఫైలింగు, విచారణ రెండూ కంప్యూటర్లో నడుస్తున్నప్పుడు ఆ 16 కిలోమీటర్ల గీత ఎవరిని కాపాడుతోందో చెప్పడం కష్టం.

తర్వాతిది భాష. 348వ అధికరణం ప్రకారం అక్కడ అంతా ఇంగ్లిషే. మన భూమి ఫైళ్లలో తెలుగు ఒక్కటే ఉండదు. సేత్వార్, ఫైసల్ పట్టీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఇవన్నీ ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ నుంచి తెలుగుకో ఇంగ్లిషుకో హైదరాబాద్‌లో ఒకరు తర్జుమా చేస్తే, సాక్షుల వాంగ్మూలాలు ఇంకొకరు చేస్తారు. ఇక్కడే కేసులు చెడేది. మన రెవెన్యూ రికార్డులో ‘కబ్జాదారు’ అంటే భూమి అనుభవంలో ఉన్నవాడు. రికార్డు తెలియని తర్జుమాదారు దాన్ని ‘ఆక్రమణదారు’ అని రాస్తే సొంత పట్టాదారే దొంగవుతాడు. విస్తీర్ణం ‘3-20’ అని ఉంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. దాన్ని 3.20 ఎకరాలని టైపు చేస్తే పన్నెండు గుంటలు మాయం. శిఖం (చెరువు నీటి కింద మునిగే భూమి), బంచరాయి (పశువుల మేత భూమి) లాంటి మాటలకు ఇంగ్లిషులో ఒక్క మాట దొరకదు, వివరించి రాయాలి. నాలుగున్నర నిమిషాల్లో ఇవేవీ సరిదిద్దేంత వ్యవధి ఉండదు. సుప్రీంకోర్టు తీర్పులను తెలుగులోకి తెస్తున్నారు, సంతోషమే. అయితే కక్షిదారుకు ఖర్చు పడేది తెలుగు నుంచి ఇంగ్లిషుకు పోయే దారిలో.

రిజిస్ట్రీలో, అంటే పిటిషన్లు తీసుకునే కోర్టు కార్యాలయంలో, లోపాల పరిశీలన మరో మెట్టు. తరచూ పట్టుకునేవి ఇవే: సర్టిఫైడ్ కాపీ లేకపోవడం, జతపరిచిన కాగితం మసకగా ఉండడం, తర్జుమా లేకపోవడం, కింది కోర్టు రికార్డులో లేని కాగితాన్ని అనుమతి అడగకుండా పెట్టడం, పేజీ నంబర్లు సూచికతో సరిపోకపోవడం. సరిచేసుకోవడానికి మొత్తం మీద 28 రోజులిస్తారు. పాత భూమి కేసుల్లో వీటన్నిటి కంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ప్రతివాదుల్లో ఇద్దరు ముగ్గురు అప్పటికే చనిపోయి ఉంటారు, వాళ్ల వారసులను హైకోర్టులోనే రికార్డు మీదికి తెచ్చి ఉండరు. అది ఢిల్లీలో బయటపడితే కేసు మంచిచెడ్డల దాకా పోకముందే ఏడాది గడుస్తుంది.

జడ్జీలను పెంచితే ఇదంతా తేలికవుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బెంచీలు పెరిగేకొద్దీ ఒక బెంచి మాటకు ఇంకో బెంచి మాటకు పొంతన తప్పుతుంది. అట్లా పొంతన తప్పిన ప్రతి చోటా ఓడినవాడికి పైకి పోవడానికి కొత్త కారణం దొరుకుతుంది. భూసేకరణ కేసుల్లో జరిగింది ఇదే. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 24(2) ప్రకారం, పాత 1894 చట్టం కింద అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) అయి ఐదేళ్లు దాటినా స్వాధీనం కాకపోతే లేదా పరిహారం చెల్లించకపోతే సేకరణ రద్దవుతుంది. పరిహారం సర్కారు ఖజానాలో వేసి ఊరుకుంటే చెల్లించినట్టు కాదని 2014లో పుణె మున్సిపల్ కార్పొరేషన్ కేసులో ముగ్గురు జడ్జీలు చెప్పారు. ఆ తీర్పును చూపించి దేశమంతటా హైకోర్టులు సేకరణలు రద్దు చేశాయి. 2018 ఫిబ్రవరిలో ఇండోర్ కేసులో మరో ముగ్గురు కూర్చుని, పుణె తీర్పు లెక్కలోకి రాదన్నారు. అదే నెలలో ఇంకో ముగ్గురు, ఇది తేలేదాకా ఈ కేసులు ముట్టకండని హైకోర్టులకు చెప్పారు. చివరికి 2020 మార్చి 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం పుణె తీర్పును పక్కన పెట్టింది. స్వాధీనం, పరిహారం రెండూ జరగకపోతేనే సేకరణ రద్దవుతుందని, సెక్షన్‌లోని ‘లేదా’ను ఆ విధంగానే చదవాలని చెప్పింది. ఆరేండ్ల పాటు రైతుకు ఏ వకీలూ నమ్మకంగా సలహా ఇవ్వలేని పరిస్థితి. జలాశయాల కింద, కాలువల కింద భూములు పోయిన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇదేమీ పుస్తకాల్లో చర్చ కాదు. ముగ్గురు ముగ్గురు కూర్చునే చోట ఐదుగురు ముందే కూర్చుని ఉంటే, 2014లోనే తేలిపోయేది.

కాబట్టి సంస్కరణలను మంచివి చెడ్డవి అని కాకుండా, ఎవరి సంతకంతో అయ్యేవి అని వేరుచేసి చూడడం మేలు.

ప్రధాన న్యాయమూర్తి ఒక్కరి సంతకంతో అయ్యేది: ఐదుగురు జడ్జీలతో ఏడాది పొడవునా కూర్చునే రాజ్యాంగ ధర్మాసనం. ఏ బెంచిలో ఎవరు, ఏ కేసు ఎవరి ముందుకు అన్నది ప్రధాన న్యాయమూర్తి ఇష్టమని 2018లో కోర్టే మళ్లీ స్పష్టం చేసింది, అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఖర్చు కూడా లెక్కగట్టవచ్చు. ఐదుగురు పోతే రెండున్నర మామూలు బెంచీలు తగ్గుతాయి, 17లో మిగిలేవి పద్నాలుగున్నర. తొమ్మిది మంది కూర్చోవాల్సిన కేసు వస్తే ఇంకో నలుగురు కావాలి. ప్రధాన న్యాయమూర్తులు వెనకాడేది ఈ లెక్క చూసే. ఇలాంటి బెంచి లేకపోతే ఏమవుతుందో కృష్ణా నీళ్లే చెబుతాయి. ఆ నీళ్లను రాష్ట్రాల మధ్య పంచే బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010 డిసెంబరులో తీర్పిచ్చింది. దాన్ని గెజిట్‌లో ప్రచురించవద్దని 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆపింది. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం కింద గెజిట్‌లో రానిదే ట్రిబ్యునల్ తీర్పుకు బలం లేదు. అంతర్రాష్ట్ర నదీ వివాదాల్లో కోర్టుల జోక్యాన్ని తప్పించడానికే 262వ అధికరణం పెట్టుకున్నాం, కానీ 136 కింద వచ్చిన పిటిషన్లు దశాబ్దం పైగా ఆ గెజిట్‌ను ఆపి ఉంచాయి. ఎటు తేల్చినా ఫర్వాలేదు, తేల్చడానికి వరసగా కొన్ని వారాలు కూర్చునే జడ్జీలు కావాలి.

రెండోది, కోర్టు తన నిబంధనలు మార్చుకుని చేసుకోగలిగేది. 145వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదంతో నిబంధనలు రాసుకోవచ్చు, ఇప్పుడున్నవి 2013 నాటివి. రివ్యూ పిటిషన్లను (ఇచ్చిన తీర్పునే మళ్లీ చూడమని అడిగేవి) జడ్జీలు కోర్టు హాల్లో వాదన లేకుండా, ఛాంబర్‌లో ఫైలు తిప్పుకుని చూస్తారు. స్పెషల్ లీవ్ పిటిషన్లకూ మొదటి వడపోత అదే పద్ధతిలో పెట్టవచ్చు. పిటిషన్ ముందు ఒకే ఒక పేజీ ఉండాలి: చట్టం మీద ప్రశ్న ఏమిటి, దానిపై ఏ రెండు తీర్పులు ఒకదానికొకటి అడ్డు పడుతున్నాయి, ఈ కేసు ఫలితం ఆ ప్రశ్న మీదే ఆధారపడిందా. ఈ మూడింటికి జవాబు లేని సివిల్ పిటిషన్ హాల్లోకి రానక్కర్లేదు. జైల్లో ఉన్నవాళ్ల పిటిషన్లకు, కింది కోర్టు వదిలేస్తే హైకోర్టు శిక్ష వేసిన కేసులకు ఈ వడపోత వర్తించకూడదు. దీన్ని ఢిల్లీ వకీళ్లు గట్టిగా వ్యతిరేకిస్తారు, కొత్త పిటిషన్లు వినే రోజులే వాళ్లలో చాలామందికి అన్నం పెట్టేవి. 136ను ఎప్పుడు వాడాలో కొన్ని గీతలు గీయమని 2010లో ఇద్దరు జడ్జీలు పై బెంచికి పంపిన సంగతీ గుర్తుంచుకోవాలి. 2016లో ఐదుగురి ధర్మాసనం, గీతలు అవసరం లేదని ఆ ఫైలు మూసేసింది. విచక్షణకు హద్దులు పెట్టుకోవడం ఏ కోర్టుకూ ఇష్టముండదు. అందుకే విచక్షణ జోలికి పోకుండా వినే పద్ధతిని మార్చమనడం నయం. 16 కిలోమీటర్ల షరతు, హైకోర్టులో తయారైన తర్జుమానే పైన కూడా చెల్లుతుందనే సదుపాయం, ఇవి రెండూ కూడా నిబంధనల స్థాయిలో తేలిపోయేవే.

మూడోది పార్లమెంటు మామూలు చట్టంతో చేయగలిగేది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ముఖ్యమైన న్యాయప్రశ్న ఉందని హైకోర్టే సర్టిఫికెట్ ఇస్తే, స్పెషల్ లీవ్ అడుక్కోనక్కర లేకుండా 133వ అధికరణం కింద నేరుగా అప్పీలు పోతుంది. తీర్పు చదివిన వెంటనే వకీలు లేచి నోటిమాటగా అడిగితే చాలు, 134-ఎ అధికరణం ఉన్నది దానికే. మరి ఎందుకు వాడరు? 133(3)లో ఒక మెలిక ఉంది. హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు మీద, పార్లమెంటు చట్టం చేస్తే తప్ప, ఈ దారిలో అప్పీలు లేదు. మన భూమి కేసుల్లో సెకండ్ అప్పీళ్లు వినేది సింగిల్ జడ్జీలే. దాంతో పొలం కేసులన్నిటికీ 136 ఒక్కటే దిక్కయింది. సెకండ్ అప్పీలులో సింగిల్ జడ్జి సర్టిఫికెట్ ఇవ్వవచ్చని పార్లమెంటు ఒక చిన్న చట్టం చేస్తే, అసలైన ప్రశ్న ఉన్న కేసులు హైదరాబాద్‌లోనే గుర్తుపడి పైకి పోతాయి, మిగతావి అక్కడే ఆగుతాయి. సెకండ్ అప్పీలు విని, రికార్డు చూసి, ప్రశ్న ఏమిటో రాసుకున్న జడ్జి చేసే వడపోతకు, నాలుగున్నర నిమిషాల వడపోతకు పోలికే లేదు. చెడేది ఎక్కడంటే, తన తీర్పు మీదే అప్పీలుకు యోగ్యత ఉందని రాయడానికి జడ్జీలకు చేయి రాదు. అందుకని సర్టిఫికెట్ నిరాకరిస్తే రెండు వాక్యాల్లో కారణం రాయాలన్న షరతు చట్టంలోనే ఉండాలి.

హైదరాబాద్‌లో సుప్రీంకోర్టు బెంచి గురించి అడగని వకీలు మన వైపు లేడు. దీనికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రపతి ఆమోదంతో ఢిల్లీ బయట ఎక్కడైనా కోర్టు కూర్చోబెట్టవచ్చని 130వ అధికరణంలోనే ఉంది. 1950లో హైదరాబాద్‌లో, 1954లో శ్రీనగర్‌లో సుప్రీంకోర్టు కూర్చుంది కూడా. రాజ్యాంగ ధర్మాసనం ఢిల్లీలో ఉంచి, అప్పీళ్లకు ఢిల్లీ, చెన్నై లేదా హైదరాబాద్, కోల్‌కతా, ముంబైలలో నాలుగు బెంచీలు పెట్టాలని లా కమిషన్ 2009లో తన 229వ నివేదికలో సిఫారసు చేసింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2023లో మళ్లీ అదే అడిగింది. జడ్జీలందరి ఫుల్ కోర్టు మాత్రం 2010 ఫిబ్రవరిలో అవసరం లేదని తేల్చింది, అంతకుముందూ అదే మాట. ఢిల్లీకి దగ్గరున్న హైకోర్టుల నుంచి అప్పీళ్లు ఎక్కువ, దూరపు వాటి నుంచి తక్కువ అన్నది పరిశోధకులు ఎప్పుడో లెక్క తీసి చూపారు. అంటే దూరం అన్యాయంగా వడపోస్తోంది, నిజమే. అయితే 136 తలుపు ఇట్లాగే ఉంచి బెంచి తెస్తే, ఆ రద్దీయే హైకోర్టు పక్క వీధికి వస్తుంది. సర్టిఫికెట్ దారి ముందు తెరవాలి, ఆ దారిలో వచ్చిన అప్పీళ్లు వినడానికి ఇద్దరు జడ్జీలు ఏడాదిలో రెండు విడతలు హైదరాబాద్ వచ్చి కూర్చోవాలి. అట్లా అయితే రిజిస్ట్రీ మొత్తం కదలనక్కర్లేదు, ఈ-ఫైలింగు ఢిల్లీదే సరిపోతుంది.

రాజ్యాంగ సవరణలు చివరి వరస. హైకోర్టులకు, సుప్రీంకోర్టుకు మధ్య జాతీయ అప్పీలు కోర్టు, జడ్జీల 65 ఏండ్ల వయోపరిమితి, కొలీజియం స్థానంలో కమిషన్, ఇవన్నీ అందులోకి వస్తాయి. సుప్రీంకోర్టు అధ్యాయాన్ని ముట్టుకుంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మద్దతుతో పాటు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా కావాలి. ఇంతా చేసి 2014లో తెచ్చిన నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న అయిదుగురిలో నలుగురు జడ్జీలు కొట్టేశారు. విభేదించిన ఒక్కరు మన తెలుగువారు, జస్టిస్ చలమేశ్వర్. జాతీయ అప్పీలు కోర్టు ప్రశ్నను 2016 జులైలో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు. రాజ్యాంగ ధర్మాసనాలకు తీరిక లేదన్నదే ఆ పిటిషన్‌లో ఫిర్యాదు, అదీ ఆ వరసలోనే కూర్చుంది. ప్రధాన న్యాయమూర్తికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలన్న మాటలో న్యాయముంది. 1991లో జస్టిస్ కె.ఎన్.సింగ్ 17 రోజులు, 2022లో జస్టిస్ లలిత్ 74 రోజులు ఉన్నారు. ఆ వ్యవధిలో ఏ పద్ధతి మారుతుంది? కానీ సీనియారిటీని దాటి ఎంచే వీలు ప్రభుత్వానికి ఇస్తే ఏమవుతుందో 1973లో, 1977లో సీనియర్లను పక్కనపెట్టి ప్రధాన న్యాయమూర్తిని నియమించినప్పుడు చూశాం. ఆ పరీక్ష మళ్లీ వద్దు.

ఇవేవీ జరగకముందే కేసు పైకి పోవాల్సిన వాళ్లకు రెండు సంగతులు. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, దివ్యాంగులు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ వకీలును ఇస్తుంది. మిగతావారికి ఏడాదికి 5 లక్షల ఆదాయ పరిమితి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లోనే దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. హైకోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ, కింది రెండు కోర్టుల తీర్పులు, తహసీల్దారు ఆదాయ పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. తీర్పు వచ్చిన మర్నాడే నకలు కోసం దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు చేసిన తేదీ, నకలు తయారైన తేదీ ఆ నకలు మీది ముద్రలోనే ఉంటాయి, నకలుకు పట్టిన రోజులు తొంభైలో లెక్కకు రావు. అయితే దరఖాస్తే ఆలస్యంగా పెడితే ఆ పోయిన రోజులు మాత్రం మన ఖాతాలోనే పడతాయి.